కుండీలో మిరప నారు: వేరుకు గాలి, నీటికి వేళ, ఎరువుకు కొలత

కుండీలోని లేత మిరప మొక్క ఆకులు వేలాడేస్తే దానికి దాహం వేసిందని అనుకుని వెంటనే చెంబెడు నీళ్లు పోయడం మనలో చాలామందికి అలవాటు. ఆకులు అలా వేలాడటానికి రెండు కారణాలు ఉంటాయి, ఆ రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. కుండీలో నీరు లేకపోవడం మొదటిది. నీరు ఉన్నా దాన్ని పీల్చుకునే శక్తి వేరుకు లేకపోవడం రెండోది. రెండో సందర్భంలో పోసిన ప్రతి చెంబూ వేరును మరికొంత కుంగదీస్తుంది, మొక్క మరింత వాడుతుంది, అది చూసి మనం మరిన్ని నీళ్లు పోస్తాం. నేను చూసినంతలో ఇళ్లలో చనిపోయే నారులో ఎండి చనిపోయేది తక్కువ, ఇలా తడిలో చిక్కి చనిపోయేదే ఎక్కువ.

హైదరాబాదులో మా బాల్కనీలో మొదటి ఏడాది నేను 40 మిరప గింజలు వేస్తే 36 మొలిచాయి, నెల తిరిగేసరికి 9 మిగిలాయి. ఆ నష్టానికి గింజా కారణం కాదు, ఎండా కారణం కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నేను తప్పకుండా పోసిన నీళ్లు, వారానికోసారి చెంచాతో వేసిన ఎరువు కారణం. న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలు ఫిబ్రవరి నెలాఖరులో, బయట మంచు ఉండగానే, బేస్‌మెంటులో ఎల్‌ఈడీ దీపాల కింద మిరప, వంగ, టమాటా గింజలు వేసి, మే నెలలో చలి భయం తొలగాక పెరట్లో నాటుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లలో చాలామంది చేసే పని ఇదే. వాతావరణం వేరైనా ఆమెకు ఎదురైన ఇబ్బంది, నాకు ఎదురైన ఇబ్బంది ఒకటే కావడంతో దీని మూలం ఏమిటో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నాక, ‘రోజుకు ఎన్నిసార్లు నీళ్లు పోయాలి’ అన్న ప్రశ్నకు సరైన జవాబు లేకపోవడానికి కారణం ఆ ప్రశ్నలోనే ఉందని అర్థమైంది.

వేరు నీటిని ఒక గొట్టంలాగా ఊరికే పీల్చదు. పోషకాలను లోపలికి తీసుకోవడానికీ, కొత్త కొసలు పెంచుకోవడానికీ అది శక్తిని ఖర్చు చేస్తుంది, ఆ శక్తి కోసం మనలాగే ఆక్సిజన్‌ను పీలుస్తుంది. మట్టి రేణువుల మధ్య ఉన్న ఖాళీల్లో గాలి ఉన్నంతసేపు ఆ ఆక్సిజన్ సులువుగా అందుతుంది. ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోతే మాత్రం ఆక్సిజన్ నీటిగుండా ప్రయాణించి వేరును చేరాలి, నీటిలో దాని ప్రయాణం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మది. పైగా 25 డిగ్రీల వేడిలో ఒక లీటరు నీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములే, నీరు వేడెక్కేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది, వేరుకు కావలసిన ఆక్సిజన్ మాత్రం వేడితోపాటు పెరుగుతుంది. అందుకే వేసవిలో నీరు నిలిచిన కుండీ చలికాలంలో నీరు నిలిచిన కుండీ కంటే త్వరగా వేరును చంపుతుంది. మన రైతులు దుక్కికి ముందు నేల ‘పదును’ మీద ఉందా అని చూస్తారు. తడీ గాలీ కలిసి ఉన్న ఆ స్థితే కుండీలోని వేరు కోరుకునేది కూడా.

మరి పొలంలో రాత్రంతా వాన కురిసినా రెండు రోజుల్లో పదునుకు వచ్చే నేల, కుండీలోకి ఎత్తితే వారం రోజులు ఎందుకు బురదగా ఉంటుంది? కారణం కుండీకి అడుగు ఉండటమే. పొలంలో మట్టి కిందికి మీటర్ల లోతున కొనసాగుతుంది కాబట్టి కింది పొరలు పై పొరల నీటిని లాగుతూ ఉంటాయి. కుండీలో ఆ లాగుడు అడుగు దగ్గర తెగిపోతుంది. చిల్లు ఎంత పెద్దదైనా, మట్టిలోని సన్నని ఖాళీలు నీటిని పట్టి ఉంచే బలం భూమి లాగే బలానికి సమానమైన చోట నీరు కారడం ఆగిపోతుంది. ఫలితంగా ప్రతి కుండీ అడుగునా, చిల్లులు ఎన్ని ఉన్నా, పూర్తిగా నీటితో నిండిన ఒక పొర మిగిలిపోతుంది. వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజితో దీన్ని ఎవరైనా చూడవచ్చు. స్పాంజిని బాగా తడిపి, పడుకోబెట్టి పట్టుకుని, నీరు కారడం ఆగేదాకా ఆగి, ఆ తర్వాత దాన్ని నిలువుగా తిప్పితే మళ్లీ నీరు కారుతుంది. స్పాంజి మారలేదు, చిల్లులు మారలేదు, ఎత్తు మాత్రమే మారింది.

ఈ తడి పొర మందం కుండీ ఎత్తును బట్టి ఉండదు, కుండీలో నింపిన మిశ్రమం ఎంత సన్ననిదన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక మిశ్రమంలో ఆ పొర 5 సెంటీమీటర్లు అనుకుందాం. 30 సెంటీమీటర్ల గ్రోబ్యాగులో అది ఆరో వంతు. 8 సెంటీమీటర్ల టీ కప్పులో సగానికి పైనే. అంటే పెద్ద బ్యాగులో ఎంతో బాగా పనిచేసే ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిసిన మిశ్రమం చిన్న కప్పులో నారును ముంచేస్తుంది. నారుకు ఎప్పుడూ గుల్లగా, తేలికగా ఉండే మిశ్రమమే వాడాలనడానికి ఇదే కారణం. కుండీ అడుగున గులకరాళ్లు, పెంకులు వేస్తే నీరు బాగా దిగుతుందని మన పెద్దలు చెప్పిన మాట కూడా ఇక్కడ నిలబడదు. సన్నని మట్టి నుంచి పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి నీరు సులువుగా దిగదు, కాబట్టి ఆ తడి పొర రాళ్ల పైకి జరిగి, వేర్లకు మరింత దగ్గరవుతుంది. చిల్లుమీద మట్టి కారిపోకుండా ఒక పెంకు ముక్క పెట్టడం మంచిదే, రాళ్ల పొర మాత్రం వద్దు.

అలాగైతే మొదటి రోజు నుంచే పెద్ద బ్యాగులో గింజ వేస్తే సరిపోదా అని అడగవచ్చు. ఇక్కడ రెండు విషయాలు కలిసి చిక్కుపడతాయి. కుండీలో మిగిలిన నీరు తగ్గడానికి పైనుంచి ఆవిరి కావడం ఒక దారి అయితే, వేరు తాగడం రెండో దారి. నాలుగు ఆకుల మొక్క రోజుకు తాగేది కొన్ని చెంచాల నీరు. 15 లీటర్ల బ్యాగు ఒకసారి తడిస్తే అందులో 6, 7 లీటర్ల నీరు ఉండిపోతుంది. ఆ మొక్క దాన్ని తాగి ఖాళీ చేయడానికి వారాలు పడుతుంది, ఈలోగా కింది సగం పులిసిపోయి, వేరు దిగవలసిన చోట దిగలేని పరిస్థితి వస్తుంది. చిన్న కప్పులో తడి పొర భాగం ఎక్కువైనా మొత్తం నీరు తక్కువ కాబట్టి రెండు మూడు రోజుల్లో అది తరిగి, ఆ జాగాలోకి గాలి దిగుతుంది. తడవడం, ఆరడం అనే ఈ రాకపోకలే వేరును పెంచుతాయి. అందుకే గింజను ప్రోట్రేలోనో (చిన్న చిన్న గదులున్న నారు పళ్లెం) చిన్న కప్పులోనో వేసి, వేర్లు ఆ జాగాను అల్లుకున్నాక అంతకు రెండు మూడు రెట్లు పెద్దదానిలోకి, ఆ తర్వాత గ్రోబ్యాగులోకి మార్చడం మంచిది. గుంటూరు వైపు షేడ్‌నెట్ల కింద 98 గదుల ప్రోట్రేలలో మిరప నారు పెంచే నర్సరీల పద్ధతి కూడా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ఆ ట్రేలలో నింపేది కోకోపీట్, అంటే కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టు. కోనసీమలోనూ, తమిళనాడులోని పొల్లాచ్చి చుట్టుపక్కలా ఒకప్పుడు కుప్పలుగా పడి ఉండి, ఎవరికీ పట్టని ఈ పొట్టు ఇప్పుడు ఇటుకలుగా నొక్కి దేశదేశాలకు పోతోంది. తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టుకుంటూనే గాలికి కూడా చోటిచ్చే గుణం దీనికి ఉంది. అయితే రెండు సంగతులు తెలియకుండా దీన్ని వాడితే నష్టమే. కొబ్బరి పొట్టులో సహజంగానే పొటాషియం, సోడియం, క్లోరైడు ఉప్పులు ఉంటాయి, పీచు కోసం డొక్కలను ఉప్పునీటిలో నానబెట్టిన చోట అవి మరింత ఎక్కువ. కడగని ఇటుకను నానబెట్టి నేరుగా ట్రేలో నింపితే మొలక మొదటి రోజు నుంచే ఉప్పులో నిలబడుతుంది. కనీసం మూడుసార్లు నీటిలో నానబెట్టి పిండాలి. రెండోది కొంచెం లోతైన విషయం. పొట్టు రేణువులకు అంటుకుని ఉన్న సోడియం, పొటాషియం మామూలు నీటితో పూర్తిగా పోవు. తర్వాత మనం వేసే ఎరువులోని కాల్షియంనూ మెగ్నీషియంనూ ఆ రేణువులు తమవైపు లాక్కుని, వాటికి బదులు సోడియంను వదులుతాయి. మొక్కకు కాల్షియం ఇచ్చామని మనం అనుకుంటాం, అది పొట్టుకు చేరుతుంది. కాల్షియం నైట్రేటు కలిపిన నీటిలో ఒక పూట నానబెట్టి, మళ్లీ కడిగితే ఆ మార్పిడి ముందే జరిగిపోతుంది. నేను మూడు పాళ్ల కోకోపీట్‌కు ఒక పాలు బాగా చివికిన వర్మీకంపోస్టు, ఒక పాలు పెర్లైట్ (మిశ్రమాన్ని గుల్లగా ఉంచే తేలికైన తెల్లని రాతి గుళికలు) కలుపుతాను. పెర్లైట్ దొరకకపోతే సన్నం లేకుండా జల్లెడ పట్టిన ముతక ఇసుక సరిపోతుంది. వర్మీకంపోస్టు ఎంత మంచిదైనా దానిలోనూ ఉప్పులు ఉంటాయి కాబట్టి నారు దశలో నాలుగో వంతు దాటనివ్వను.

ఇక వేళ సంగతి. మొక్క నీటిని ఎంత వేగంగా వదులుతుందో నిర్ణయించేది చాలావరకు గాలి. గాలి ఎంత వేడిగా, ఎంత పొడిగా ఉంటే అంత గట్టిగా ఆకు నుంచి నీటిని లాగుతుంది. దీన్ని లెక్కగట్టవచ్చు. ఆగస్టులో హైదరాబాదులో 25 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న రోజున గాలికి ఉన్న ఆ లాగుడు ఒక వంతు అనుకుంటే, మే నెలలో 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం అది 6 వంతులు. అదే వేసవిలో విశాఖపట్నంలో 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే సుమారు 1.7 వంతులే. న్యూజెర్సీ చలికాలం మరింత ఆశ్చర్యపరుస్తుంది. హీటర్‌తో 21 డిగ్రీలకు వేడెక్కిన గదిలో తేమ 25 శాతానికి పడిపోతే ఆ లాగుడు మన ఆగస్టుకు దాదాపు రెట్టింపు అవుతుంది. మొక్క తన ఆకు రంధ్రాలను మూసుకుని కొంత కాచుకుంటుంది కాబట్టి నీటి వాడకం ఇదే నిష్పత్తిలో పెరగదు. అయినా ఒకే కప్పుకు, ఒకే మొక్కకు, ఒకచోట రోజూ అవసరమైన నీరు మరోచోట మూడు రోజులకోసారి సరిపోవడానికి కారణం ఇందులో స్పష్టంగా ఉంది. దీనికి వెలుతురు, మొక్క వయసు, కుండీ మట్టిదా ప్లాస్టిక్‌దా అన్నది కూడా కలిపితే, క్యాలెండరు చూసి నీళ్లు పోయడంలో అర్థం ఉండదు.

క్యాలెండరు బదులు చూడవలసింది కుండీ బరువు. అరలీటరు కప్పులో పైన చెప్పిన మిశ్రమం నింపి, బాగా తడిపి, కారడం ఆగాక వంటింటి త్రాసు మీద పెడితే నా దగ్గర సుమారు 390 గ్రాములు తూగింది. అందులో దాదాపు 300 గ్రాములు నీరే. ఆ నీటిలో సగం పోయి, కప్పు 240 గ్రాములకు వచ్చినప్పుడు నేను మళ్లీ తడుపుతాను. వారం రోజులు తూచి చూస్తే ఆ తర్వాత త్రాసు అక్కర్లేదు, కప్పును చేత్తో ఎత్తగానే తెలిసిపోతుంది. వేలితో పై మట్టిని తాకి చూసే పద్ధతి పెద్ద కుండీలకు పనికొస్తుంది, చిన్న కప్పుల్లో మాత్రం మోసం చేస్తుంది, ఎందుకంటే కోకోపీట్ పైన లేత గోధుమ రంగుకు మారి ఎండినట్టు కనిపిస్తున్నా కింద చేతితో పిండితే నీరు కారేంత తడి ఉంటుంది.

గింజ మొలిచే ముందు, మొలిచిన మొదటి వారం రోజులు మాత్రం ఈ నియమానికి మినహాయింపు. అప్పుడు వేరు పైపొరలోనే ఉంటుంది, ఆ పొర పూర్తిగా ఎండితే మొలక కోలుకోదు. స్ప్రేయర్‌తో పైపొరను తేమగా ఉంచుతూ, మొలక కనిపించగానే పైన కప్పిన పాలిథీన్ తీసేయాలి. మూసి ఉన్న తేమ, కదలని గాలి, ఎప్పుడూ తడిగా ఉండే మట్టి నారుకుళ్ళు తెగులుకు ఇష్టమైన చోటు. పితియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవుల వల్ల వచ్చే ఈ తెగులులో కాండం మట్టిని తాకే చోట నీరు పట్టినట్టు మెత్తబడి, సన్నగా నొక్కుకుపోయి, నిన్నటిదాకా పచ్చగా నిలబడిన మొలక ఒక్క రాత్రిలో పడిపోతుంది. పితియం బీజాలు నీటిలో ఈదుతూ ఒక మొలక నుంచి మరో మొలకకు చేరగలవు. నేను పోగొట్టుకున్న 27 మొలకల్లో సగానికి పైగా ఇలాగే పోయాయి. పడిపోయిన మొలకను మళ్లీ నిలబెట్టే మందు లేదు. మిగిలిన వాటిని ఆరనివ్వడం, గాలి ఆడేలా చిన్న ఫ్యాన్ పెట్టడం, నీటిని పొద్దున పూటే ఇవ్వడం, పడిపోయిన కప్పులను దూరంగా తీసేయడం మాత్రమే మన చేతిలో ఉన్నవి.

తడిపినప్పుడు పూర్తిగా తడపాలి, తడిపాక ఆగాలి. కొంచెం కొంచెంగా రోజూ చిలకరిస్తే పైన రెండు అంగుళాలు తడిసి, ఉప్పులు అక్కడే పేరుకుని, వేరు కిందికి దిగే అవసరం లేక పైనే తిరుగుతుంది. కింద ఒక పళ్లెంలో నీరు పోసి కప్పులను అరగంట ఉంచి, మిగిలిన నీటిని పారబోయడం లేత మొక్కలకు చాలా సురక్షితం, కాండం మొదలు పొడిగా ఉంటుంది. అయితే కిందనుంచి ఎక్కిన నీరు పైన ఆవిరై ఉప్పులను పైపొరలో వదులుతుంది కాబట్టి రెండు వారాలకోసారి పైనుంచి పోసి, పోసిన దానిలో ఐదో వంతు కింద కారేలా చూడాలి. పూర్తిగా ఎండిపోయిన మిశ్రమం, ముఖ్యంగా అమెరికాలో ఎక్కువగా దొరికే పీట్ (చిత్తడి నేలల్లో చివికిన నాచు) మిశ్రమం, నీటిని తోసేస్తుంది. పోసిన నీరు కుండీ గోడల వెంట జారి కింద కారిపోతే లోపలి ముద్ద పొడిగానే ఉండిపోతుంది. కింద నీరు వచ్చింది కదా అని మోసపోకుండా అలాంటప్పుడు పళ్లెంలో గంటసేపు నానబెట్టడమే మార్గం.

ఏ నీరు అన్నది కూడా ఎంత నీరు అన్నంత ముఖ్యమైన ప్రశ్న. తెలంగాణలో చాలా చోట్ల బోరు నీరు గట్టిరాతి పొరల నుంచి వస్తుంది, అందులో కరిగిన ఉప్పులు ఎక్కువ. లీటరుకు 800 మిల్లీగ్రాముల ఉప్పులున్న నీటిని అరలీటరు కప్పుకు రోజు విడిచి రోజు 100 మిల్లీలీటర్లు పోస్తూ, కింద ఎప్పుడూ కారనివ్వకపోతే, నెలలో 1.2 గ్రాముల ఉప్పు ఆ కప్పులో చేరుతుంది. నీరు ఆవిరవుతుంది, మొక్క తాగుతుంది, ఉప్పు మాత్రం ఎటూ పోదు. టమాటా ఓర్చుకునే ఉప్పును మిరప ఓర్చుకోలేదు. నీటిని శుద్ధి చేసే ఆర్వో యంత్రం బయటికి వదిలే నీటిని వృథా పోనివ్వకూడదని మొక్కలకు పోసేవాళ్లు ఎందరో ఉన్నారు, ఆ ఆలోచన గౌరవించదగినదే కానీ వదిలిన నీటిలో ఉప్పులు మామూలు నీటికంటే చిక్కగా ఉంటాయి కాబట్టి దాన్ని నేల కడగడానికి ఉంచి, నారుకు మాత్రం వాడకపోవడం మంచిది. నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ నీటిలోని కాల్షియంను తీసేసి ఆ స్థానంలో సోడియంను పెడుతుంది, మా చెల్లెలి మొక్కల ఆకుల అంచులు మాడటానికి అదే కారణమని తేలింది. వాన నీరు, ఏసీ నుంచి కారే నీరు దాదాపు ఉప్పు లేనివి. బోరు నీటిలో సగానికి సగం కలిపినా ఎంతో తేడా కనిపిస్తుంది. బోరు నీటిలోని బైకార్బొనేట్లు మిశ్రమాన్ని నెమ్మదిగా క్షారం వైపు నెడతాయి, అప్పుడు ఇనుము ఉన్నా మొక్కకు అందదు, చిగురు ఆకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు రంగుకు తిరుగుతుంది. అది చూసి యూరియా వేస్తే ఏ లాభమూ ఉండదు.

ఎరువు గురించి ముందుగా చెప్పవలసింది, మొదటి రోజుల్లో అది అవసరం లేదన్న సంగతి. గింజలో దాచుకున్న ఆహారంతో మొలక బయటికి వస్తుంది, బీజదళాలు, అంటే గింజలోంచి మొదట వచ్చే రెండు ఆకులు, విచ్చుకుని కొన్నాళ్లు దాన్ని నడిపిస్తాయి. బీజదళాల తర్వాత వచ్చే మొదటి జత అసలు ఆకులు పూర్తిగా విచ్చుకున్నాకే వేరు బయటి పోషకాల కోసం చూస్తుంది. మిశ్రమంలో వర్మీకంపోస్టు ఉంటే మరో వారం పది రోజులు ఆగినా నష్టం లేదు. ముందే ఎరువు వేస్తే వేరు చుట్టూ ఉన్న నీరు చిక్కబడుతుంది. ఊరగాయ జాడీలో ముక్కలు ఉప్పు తగిలి నీరు వదిలినట్టే, చిక్కని నీటిలో ఉన్న లేత వేరు నీటిని తాగలేకపోగా తన నీటిని కూడా కోల్పోవచ్చు. ఆకు కొసలు, అంచులు మాడటం దాని మొదటి గుర్తు.

ఎంత ఎరువు అన్నదానికి చెంచా లెక్క పనికిరాదు. మన దుకాణాల్లో సులువుగా దొరికే నీటిలో కరిగే 19:19:19 ఎరువును తీసుకుందాం. ఆ అంకెల్లో మొదటిది నత్రజని శాతం. ఒక గ్రామును లీటరు నీటిలో కలిపితే ఆ లీటరులో 190 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. లేత నారుకు లీటరుకు 50 నుంచి 100 మిల్లీగ్రాములు చాలు, అంటే పావు గ్రాము నుంచి అర గ్రాము. ఒక టీ చెంచాలో పట్టేది దాదాపు 5 గ్రాములు, కావలసిన దానికి 10 నుంచి 20 రెట్లు. పొలంలో పైరు మీద పిచికారీకి లీటరుకు 5 గ్రాములు చెబుతారు కదా అని అదే నీటిని కప్పులో పోస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. పావు గ్రామును తూచడం ఇంట్లో కష్టం కాబట్టి నేను 10 గ్రాముల ఎరువును ఒక లీటరు సీసాలో కరిగించి ఉంచుకుంటాను. అందులోంచి 25 మిల్లీలీటర్లు తీసి లీటరు నీటిలో కలిపితే సరిగ్గా పావు గ్రాము పడుతుంది. దాన్ని వారానికోసారి, ముందే కొద్దిగా తడిగా ఉన్న మిశ్రమానికి ఇస్తాను. ఎండిన కుండీకి ఎరువు నీరు పోయకూడదన్నది నేను ఎన్నడూ తప్పని నియమం. మొక్క కొంచెం పెద్దదయ్యాక అర గ్రాముకు పెంచుతాను.

ఆ ఎరువులో కాల్షియం, మెగ్నీషియం లేవన్నది చాలామంది గమనించరు. ఉప్పు లేని వాన నీరు, కోకోపీట్, 19:19:19 ఈ మూడింటి మీదే మొక్కను పెంచితే మూడు నాలుగు వారాల్లో కొత్త చిగురు వంకర తిరుగుతుంది. అందుకని ఒక వారం 19:19:19, మరో వారం లీటరుకు అర గ్రాము కాల్షియం నైట్రేటు, అప్పుడప్పుడు అందులోనే పావు గ్రాము మెగ్నీషియం సల్ఫేటు ఇవ్వవచ్చు. గాఢంగా కలిపి ఉంచుకునే సీసాల్లో మాత్రం కాల్షియం నైట్రేటును ఈ రెండింటిలో దేనితోనూ కలపకూడదు, ఫాస్ఫేటుతోనూ సల్ఫేటుతోనూ కలిసి అది సున్నంలా అడుగున పేరుకుపోతుంది. యూరియాను నారుకు వాడకపోవడమే మేలని నా అభిప్రాయం. 46 శాతం నత్రజని ఉన్న దానిలో చిటికెడు ఎక్కువైనా చాలా ఎక్కువే. పైగా అది ముందు అమ్మోనియంగా, ఆ తర్వాత నేలలోని బాక్టీరియా వల్ల నైట్రేటుగా మారాలి. కొత్త కోకోపీట్‌లో ఆ బాక్టీరియా తక్కువ కాబట్టి అమ్మోనియం పేరుకుని వేరును దెబ్బతీస్తుంది.

రసాయన ఎరువులు వద్దనుకునేవాళ్లకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ప్రకృతి సేద్యంతోపాటు బాగా వ్యాపించిన జీవామృతంలో 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 10 లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి కలుపుతారు, అది ఎకరం నేలకు. లోతైన నేలలో కోట్లాది సూక్ష్మజీవులకు అది విందు. గాలి తక్కువగా ఉన్న అరలీటరు కప్పులో అదే బెల్లాన్ని తింటూ సూక్ష్మజీవులు వేరుకు మిగిలిన కొద్ది ఆక్సిజన్‌నూ వాడేస్తాయి. బియ్యం కడుగు, మజ్జిగ నీళ్లు, ఉల్లిపొట్టు నానబెట్టిన నీళ్లు విషయంలోనూ జాగ్రత్త ఇదే. పెద్ద గ్రోబ్యాగులో కాపు మీద ఉన్న మొక్కకు అవి చేసే మేలును నేను కాదనను. నారు దశలో మాత్రం బాగా పలచబరిచిన వర్మీకంపోస్టు వడకట్టు నీరు చాలు. వేపపిండి, కానుగ పిండి చివికి పోషకంగా మారడానికి వారాలు పడుతుంది కనుక వాటిని గ్రోబ్యాగు నింపేటప్పుడే కలపడం సబబు.

మొక్క ఏదైనా లోపాన్ని చూపినప్పుడు ఆ గుర్తు పాత ఆకులో ఉందా, కొత్త ఆకులో ఉందా అని చూస్తే సగం చిక్కు విడిపోతుంది. నత్రజని, మెగ్నీషియం, పొటాషియం, భాస్వరం మొక్కలో ఒకచోటి నుంచి మరోచోటికి పోగలవు. కొరత వస్తే మొక్క వాటిని ముసలి ఆకుల నుంచి తీసి చిగురుకు పంపుతుంది, కాబట్టి కింది ఆకులు ముందు పాలిపోతాయి. కాల్షియం, ఇనుము, బోరాన్ అలా కదలవు, వాటి కొరత చిగురులో ముందు కనిపిస్తుంది. అయితే ఈ లోపాలన్నిటికీ తడిసి ముద్దైన వేరు ఒక్కటే కారణం కావచ్చు, పోషకం కుండీలో ఉన్నా తీసుకునే శక్తి వేరుకు లేనప్పుడు ఆకు మీద అదే రంగు కనిపిస్తుంది. కప్పును మెల్లగా బోర్లించి వేరు ముద్దను చూడటానికి భయపడనక్కర్లేదు. తెల్లగా, గట్టిగా ఉన్న వేర్లు ఆరోగ్యం. గోధుమ రంగుకు తిరిగి, లాగితే పైతోలు ఊడివచ్చే వేర్లకు ఎరువు ఇవ్వకూడదు, ఆరుదల ఇవ్వాలి. మిరపలో మరో చిక్కు కూడా ఉంది: ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగులను, కింది వైపు ముడుచుకుని బోర్లించిన పడవలా ఉంటే నల్లిని అనుమానించి ఆకు వెనక భూతద్దంతో చూడాలి. ఆ ముడతలను పోషక లోపమనుకుని ఎరువు పెంచుతూ పోవడం మా అపార్ట్‌మెంటులోనే చాలా ఇళ్లలో చూశాను.

నీరు, ఎరువు రెండూ వెలుతురును దాటి పనిచేయలేవన్నది కూడా గుర్తుంచుకోవాలి. గదిలో కిటికీకి దూరంగా పెట్టిన నారు సన్నగా, పొడుగ్గా సాగుతుంది. దానికి నత్రజని ఇస్తే ఇంకా సాగి పడిపోతుంది, వెలుతురు తక్కువ కాబట్టి నీరు కూడా నెమ్మదిగా తాగుతుంది, కుండీ ఆరదు. దీపాల కింద పెంచేవాళ్లు దీపాన్ని మొక్కకు దగ్గరగా దించి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగిస్తే కుండీ ఆరే వేగం కూడా దానంతట అదే సర్దుకుంటుంది.

మిరప నారు 35, 40 రోజులకు ఆరేడు ఆకులతో, పెన్సిల్ కంటే సన్నని గట్టి కాండంతో నాటడానికి సిద్ధమవుతుంది. దానికి ముందు వారం రోజులు ఎరువు ఆపి, నీటిని కొద్దిగా తగ్గించి, రోజూ కాసేపు బయటి ఎండకూ గాలికీ అలవాటు చేయాలి. గ్రోబ్యాగులోకి మార్చిన రోజున మాత్రం అడుగున కారేదాకా నిండుగా తడిపి, రెండు రోజులు నీడలో ఉంచి, ఆ తర్వాత కొత్త చిగురు కనిపించేవరకు మళ్లీ నీటి చెంబు పట్టుకోకుండా బ్యాగు అంచు ఎత్తి బరువు చూస్తూ ఉండాలి. ఈ ఏడాది నా 40 గింజల్లో 38 మొలిచి, 35 మొక్కలు ఆ రోజు దాకా వచ్చాయి. వాటిలో 12 మా బాల్కనీలో ఉన్నాయి, మిగిలినవి ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లాయి, ప్రతి కప్పుతోపాటు దాని తడి బరువు, పొడి బరువు రాసిన చీటీ కూడా ఇచ్చాను.